రెండు కొమ్మలు

"ఓయ్! ఎవురు నువ్వు? నా చెట్టు మీద చెయ్యేసినావంటే కాళ్లు ఇరగ్గొడతా!"

రామేశ్వరమ్మ చీపురుతోనే గేటు బయటికి ఉరికింది.

రోడ్డు పక్క గోడ దగ్గర ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. గోడంటే నిలువుగా పాతిన కడప బండలే. వాటికి ఆనించి, తీగలతో బిగించి కాగితంపూల చెట్టును పాకిస్తోంది రామేశ్వరమ్మ.

నాటింది ఆమె కూతురు శివలీల. పదిహేడేళ్ల పిల్ల. పోయినేడు దసరా ముందర జ్వరమొచ్చి నాలుగు రోజుల్లో పోయింది. అప్పట్నుంచి ఆ చెట్టు ఆకు ఎవరు తెంపినా రామేశ్వరమ్మకు ఒళ్లు మండిపోతుంది.

ఈ ఎండలకు ఆ చెట్టే ఎండిపోతోంది.

"బండకు ఆనిచ్చి కట్టినావమ్మా," అన్నాడు ముసలాయన. " బండ కాలితే కొమ్మ కూడా కాల్తాది. నడుమ కట్టెలు పెట్టి నాలుగు వేళ్ల సందు ఇడువు."

"నాకు చెప్పొచ్చినావా? ఎవరప్పా నువ్వు?"

"ఎవరైతే ఏముందిలేమ్మా. రెండు కొమ్మలిస్తావా? ఒకచోట నాటాల."

"ఆకు కూడా ఇయ్యను. పో!"

పోయాడు.

మూడోనాడు ఆమె నీళ్లు పట్టుకొచ్చేసరికి చెట్టు వెదురుకట్టెలకు కట్టి ఉంది. ఎండుకొమ్మలన్నీ కత్తిరించి కింద పడేసి ఉన్నాయి. ముసలాయన చంకలో రెండు పచ్చికొమ్మలు.

బిందె అక్కడే వదిలేసింది రామేశ్వరమ్మ.

"నా బిడ్డ చేతులు నరికినట్టు నరికినావు కదరా! నువ్వు మనిషివేనా?"

కింద పడిన ముళ్లకొమ్మ తీసుకుని వీపు మీద బాదింది. చొక్కా చినిగింది. నెత్తురు వచ్చింది.

"కొట్టమ్మా. ఇవి మాత్రం గుంజుకోవద్దు," అంటూ ఆ కొమ్మలు పట్టుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

వానలు పడ్డాక చెట్టు గోడంతా అల్లుకుంది. అయినా ఆమె కోపం చల్లారలేదు. గుర్తొచ్చినప్పుడల్లా తిడుతూనే ఉంది.

శివలీల పోయి ఏడాది తిరిగింది. పెళ్లికాని పిల్ల కాబట్టి కాల్చకుండా పూడ్చారు. ఆ ఊళ్లో ఆడవాళ్లు శ్మశానంలో అడుగు పెట్టరు. టెంకాయ, బొరుగులు తీసుకుని భర్త సుంకప్ప ఒక్కడే పోయాడు.

వచ్చి గడప మీద కూలబడ్డాడు.

"ఏమైంది?"

"పిల్ల తలాపున ఒక కాగితంపూల చెట్టు, కాళ్లదిక్కు ఒకటి. కుక్కలు తవ్వకుండా చుట్టూ ముళ్లకంప. రెండూ మన చెట్టు కొమ్మలే, మేయ్. పూడ్చినరోజు ఏడుస్తా ఈ చెట్టు సంగతి నేనే చెప్పినా. అక్కడుండిన ముసలాయప్ప అది ఇని, మన కొమ్మలు తెచ్చి నాటినాడంట."

రామేశ్వరమ్మ గోడకు ఆనుకుంది.

"అయ్యో, నా చేతులు పడిపోను! ఆ ముసలాయన్నే నేను కొట్టింది. యాడుండాడు? తోలుకురాపో, కాళ్లు పట్టుకుంటా."

"పోయిన నెల చచ్చిపోయినాడంట."

"ఎవరంట ఆయప్ప?"

సుంకప్ప తల వంచుకున్నాడు.

"జయరాజ్ తాత. మన పిల్లకు గుంత తవ్వినాయన."