గౌరి కడుపులో చప్పుడు

బళ్లు మళ్లీ గుర్రాలే లాగుతున్న ఈ రోజుల్లో, గుర్రమున్న ప్రతి ఇంటి వంటగదిలోనూ దాని కడుపు చప్పుడు వినిపిస్తూ ఉంటుంది. గుర్రం నడుముకు కట్టిన పట్టీ ఆ గుడగుడను స్పీకరుకు చేరవేస్తుంది. అది ఆగిందంటే గుర్రం ప్రాణం మీదికొచ్చినట్టే. "ఇడ్లీ తినేటప్పుడు ఈ సంగీతమేంటండీ!" అని నా భార్య సుభాషిణి విసుక్కునేది. కానీ ఏనాడూ ఆపనివ్వలేదు. ఆమె పోయాక ఇంట్లో మిగిలిన చప్పుడు అదొక్కటే.

ఈ ఉదయం అదీ ఆగిపోయింది.

పాకలోకి పరుగెత్తాను. మా గుర్రం గౌరి చెమటతో తడిసిపోయి, మాటిమాటికీ తన పొట్ట వైపు చూసుకుంటోంది. పట్టీలోంచి పశువుల డాక్టరమ్మ గొంతు పలికింది. "కడుపు శూలండీ. మందు పట్టీయే ఎక్కించేసింది. నడిపించడం మాత్రం మనిషే చెయ్యాలి. పడుకుని దొర్లితే పేగు మెలిపడుతుంది, ఇక దక్కదు."

పగ్గం పట్టుకుని గౌరిని నడిపిస్తూ వీధి చివరికి వెళ్లేసరికి నా మోకాళ్లు మొరాయించాయి. ఎదురింటి ఖాసింబీ వచ్చి పగ్గం లాక్కుంది.

"మీరెళ్లి కూచోండి మాస్టారూ. ఇద్దర్నీ నడిపించడం నా వల్ల కాదు."

వంటగదిలో కూర్చుని చెవులు రిక్కించాను. చాలాసేపటికి స్పీకరులో, ఎక్కడో దూరాన ఉరిమినట్టు చిన్న గుడగుడ వినిపించింది. ఆ వెంటనే వీధిలోంచి ఖాసింబీ కేక.

"లద్దె వేసింది మాస్టారూ, పేగు కదిలింది!"

చుట్టుపక్కల ఇళ్లలోంచి చప్పట్లు మోగాయి. నేను ఇడ్లీ పళ్లెం ముందుకు లాక్కుని, స్పీకరు చప్పుడు ఇంకొంచెం పెంచాను.