మార్చి రాసిన మొగుడు

"నా కాపురం కూల్చడానికి పరాయివాళ్ళెందుకన్నయ్యా, నువ్వు చాలవూ?" అంటూ చెల్లెలు ప్రూఫు కాగితాల కట్టని బల్లమీద విసిరికొట్టింది.

రచయిత కలం మూసి తలెత్తాడు. అతని నవలలన్నిటికీ తప్పులు దిద్దేది చెల్లెలే. ఆమె కళ్ళబడకుండా ఒక్క కామా కూడా అచ్చుకి పోదు. ఈసారి ఒక్క తప్పూ దిద్దకుండా తెచ్చేసింది.

"ఏమైందే?"

"ఏమైందా? నెలకి పదిరోజులు క్యాంపులు తిరిగే మొగుడు, బూటు లేసు కట్టుకుంటూ తనలో తాను మాట్లాడుకునే మొగుడు. ఎవరది? మా ఆయన కాదూ? అలాంటి మనిషికి వేరే ఊళ్ళో ఇంకో సంసారం ఉందని రాస్తావా?"

"గుమ్మడికాయల దొంగంటే నువ్వెందుకే భుజాలు తడుముకుంటావు? బూటు లేసు బావగారిది, నిజమే. రెండో సంసారం మాత్రం నేను పుట్టించిందే. వేషం ఆయనది, పాపం నాది."

"ఆ తేడా నువ్వు ఇంటింటికీ వెళ్ళి చెప్తావా? మా ఆఫీసులో అందరూ నీ పుస్తకం కోసం కాచుక్కూర్చున్నారు. రేపట్నుంచి నన్ను చూసి జాలిపడతారు. నావల్ల కాదు."

"బావగారు చదివారా?"

ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "చదివారు. ఆ రోజునుంచి ఆయనకి ముద్ద మింగుడుపడట్లేదు. ఇదేంటని ఒక్క మాట కూడా అనలేదు. గోడవైపు తిరిగి పడుకుంటున్నారు. నిప్పులాంటి మనిషి అన్నయ్యా. ఎంత నొచ్చుకున్నారో!"

నవలకి ప్రాణం ఆ రెండో సంసారమే, అది తీసేస్తే మిగిలేది కట్టె. ఆ సంగతి రచయితకి బాగా తెలుసు. కానీ ఎదురుగా ఏడుస్తున్నది కాగితం మీది మనిషి కాదు, తోబుట్టువు.

"సరే, మారుస్తాలే. ఏడవకు."

మార్చాడు. రెండో ఇల్లాలూ, ఆమె బిడ్డా కొట్టివేతల కింద పోయారు. మొగుడి క్యాంపులన్నీ నిఖార్సయిన క్యాంపులైపోయాయి. అనవసరంగా అనుమానించినందుకు చివరి పేజీలో భార్య అతని కాళ్ళు పట్టుకుంది. "చప్పిడి పథ్యంలా ఉందండీ" అని ప్రచురణకర్త పెదవి విరిచాడు. నవల వచ్చిందీ ఎవరికీ తెలియలేదు, పోయిందీ తెలియలేదు. అంత చెత్త తనెప్పుడూ రాయలేదని రచయితకి మాత్రం తెలుసు. చాలాకాలం కలం పట్టబుద్ధి కాలేదు. చెల్లెలు మళ్ళీ నవ్వుతోంది కదా, పోనీలే అనుకున్నాడు.

ఒక ఆదివారం చెల్లెలూ ఆమె భర్తా పళ్ళబుట్టతో వచ్చారు. వంటింట్లో వదినామరదళ్ళు పడీపడీ నవ్వుకుంటున్నారు. చెల్లెలి భర్త రచయితని మెల్లిగా బాల్కనీలోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు. అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్ళనిండా నీళ్ళు.

"మీ మేలు ఈ జన్మలో మరిచిపోను బావగారూ. మీరు తలుచుకుంటే నా బతుకు బజారున పడేది."

"అయ్యో, అంత మాటెందుకు? మిమ్మల్ని నొప్పించాలని కాదు. ఏదో ఊహించి రాసిందే కదా."

"పెద్దమనసు మీది, అందుకే అలా అంటున్నారు." అతను వంటింటివైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు. "మీకెవరు చెప్పారో నేను అడగను. కానీ ఆ చెప్పినవాళ్ళెవరో గానీ సగమే చెప్పారు. మీరు మొదట రాసినప్పుడు ఒక్క బిడ్డే అన్నారు. ఇద్దరు, బావగారూ."