ఘాట్ ఎక్కిన పాలబండి

మూడో మలుపు దగ్గర బండికి మళ్లీ ఆయాసం వచ్చింది. యేసుప్రసాద్ మొదటి గేరుకు దించాడు. వెనక పన్నెండు పాలడబ్బాలు, ముందు సగం ఘాట్. ఇంతలో ఇసుక లారీ ఒకటి పక్క నుంచి తాపీగా దాటిపోతూ నెమ్మదించింది.

“దిగి తొయ్యల్లా అన్నా?” అని అడిగాడు లారీ డ్రైవరు, నవ్వుతూ.

ఘాట్ పైనున్న గువ్వలచెరువు చేరేసరికి ఎనిమిదింపావు. కోవా అంగడి అబీదా బీ డబ్బా మూత తీసి వాసన చూసింది. ఆమె వెనక పొయ్యి మండుతోంది, దాని మీద బాణలి ఖాళీగా ఉంది.

“ఇది మూడోసారి ప్రసాదూ. ఇంకో గంటైతే ఈ పాలు విరిగిపోతాయి. సోమవారం ఏడుకల్లా పాలు ఈడ దిగల్ల. లేదంటే రాయచోటి బండికి చెప్పుకుంటా. తప్పుగా అనుకోవద్దప్పా.”

అనుకోవడానికేముంది, ఆమె చెప్పింది న్యాయమే. కాకపోతే ఈ పాలకిరాయి ఒక్కటే అతని సంసారాన్ని నడుపుతోంది. ఇది పోతే ఇంట్లో పొయ్యి మీదా ఖాళీ గిన్నే.

ఆ డీజిల్ బండిని నిరుడు ఎర్రగుంట్లలో ఒక బండల వ్యాపారి దగ్గర కొన్నాడు. “బాడీ అడుగు నేను దగ్గరుండి గట్టిగా చేయించినా, పైన మందం రేకు కొట్టించినా. ఖాళీగా పోయినా ఎగరదు” అని ఆయన హామీ ఇచ్చాడు. నిజంగానే ఎగిరేది కాదు. ఎండాకాలంలో కూడా రేకు చల్లగా ఉండేది, పాలకు మంచిదని యేసుప్రసాద్ తెగ మురిసిపోయాడు. ఘాట్ దగ్గరికి వస్తేనే దాని ప్రాణం మీదికొచ్చేది.

తిరుగుదారిలో కడపలో ఒక పెద్ద షెడ్డులో ఆగి అడిగాడు. పంపు మార్చాలి, టర్బో మార్చాలి, అరవై వేలు అవుతుందన్నారు. యేసుప్రసాద్ వాళ్లనడిగి మంచినీళ్లు తాగి వచ్చేశాడు.

ఇంట్లో ఉన్నదల్లా కృపమణి దాచుకున్న పన్నెండు వేలు. వంటింట్లో బండలు పరిపించడానికి రెండేళ్లుగా కూడబెడుతోంది. ఆ మట్టినేల పగుళ్లలోంచి పోయిన నెల తేలొచ్చి ఆమె కాలు కుట్టింది. భార్యను ఆ డబ్బు అడగడానికి యేసుప్రసాద్‌కు నోరు రాలేదు. గుమ్మంలో నిలబడి తల గోక్కున్నాడు.

“బండికేనా?” అంది ఆమె. లోపలికెళ్లి దుడ్లు తెచ్చి చేతిలో పెట్టింది. “నీ బండి ఘాట్ ఎక్కితే చాలు. తేలొస్తే నేను పీట ఎక్కుతాలే.”

ఆమె నవ్వుతూనే అంది. అదే అతనికి ఎక్కువ బాధనిపించింది.

సాయంత్రం ఊరి బయట హబీబ్ షెడ్డుకు బండి తీసుకుపోయాడు. ఇద్దరూ ఒకే బడిలో, ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్లు.

“పన్నెండు వేలల్లో బండికి లాగే శక్తి పెరగల్ల హబీబూ. అవి గూడా మా మణి వంటింటి బండల దుడ్లు.”

హబీబ్ బండి కిందికి దూరాడు. చాలాసేపటికి గానీ బయటికి రాలేదు.

“లోడు దించే తెచ్చినావా?”

“పొద్దున్నే దించినా. ఖాళీ బండే.”

హబీబ్ మీసాల్లో నవ్వుకున్నాడు. “దుడ్లు జోబులో పెట్టుకో. ముందు ఘాట్ ఎక్కిరా, నా కూలి సంగతి తర్వాత. రేపు ఎట్లాగూ చర్చికి పోతావు, బండి తియ్యవు. సోమవారం తెల్లారుజామున వచ్చి తీసుకుపో.”

ఆదివారం చర్చిలో యేసుప్రసాద్ అందరి క్షేమం కోరి, చివర్లో టర్బో సంగతి కూడా ప్రభువు చెవిన వేశాడు.

సోమవారం బండి మూడో మలుపును మూడో గేరులో ఎక్కింది. యేసుప్రసాద్ తన కాలిని తనే నమ్మలేకపోయాడు. కాస్త తొక్కితే చాలు, ముందుకు దూకుతోంది. ఎన్నడూ కదలని డబ్బాలు వెనక టంగుటంగుమంటున్నాయి. వేగానికి కాబోలు అనుకున్నాడు. నాలుగో మలుపులో అదే ఇసుక లారీ కనిపించింది. యేసుప్రసాద్ దాని పక్కకొచ్చి నెమ్మదించాడు.

“దిగి తొయ్యల్లా అన్నా?” అని అడిగి, జవాబు కోసం ఆగకుండా సాగిపోయాడు.

ఆరున్నరకు కోవా అంగడి ముందు హారను కొట్టాడు. అబీదా బీ ఇంకా పొయ్యి వెలిగించలేదు.

“ఏమప్పా, రాత్రి ఈడే పండుకున్యావా?” అంది. తర్వాత కోవా పొట్లం కట్టి ఇచ్చింది. “నీ పెండ్లానికియ్యి. రేపట్నుంచి ఇంకో నాలుగు డబ్బాలు తీసుకురా.”

ఖాళీ డబ్బాలు అప్పగించి, మధ్యాహ్నం దారంతా ఈల వేసుకుంటూ వచ్చినవాడు ఇంటి ముందు ఈల ఆపేశాడు. హబీబ్ ఎంత అడుగుతాడో, మణికి ఏం మిగులుతుందో. కోవా పొట్లాన్ని ముందు పెట్టుకుని వంటింట్లో అడుగు పెట్టాడు.

కాలికి చల్లగా తగిలింది. నల్లటి కడప బండలు, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా. మూలన మేస్త్రి రంగన్న ఆఖరి సందులో సిమెంటు పూస్తున్నాడు. కృపమణి పీట మీద కూర్చుని వాటినే చూసుకుంటోంది.

“నువ్వు అట్ల పోంగానే హబీబన్న ట్రాక్టరులో పంపినాడు. రంగన్న కూలి ఇస్తే చాలంట” అంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. యేసుప్రసాద్ పొట్లం ఆమె ఒళ్లో పెట్టాడు. అక్కడే నిలబడి ఫోను తీశాడు.

“హబీబూ, బండి గాలిలో పోయిందిరా. ఏమేసినావు దానికి?”

“ఫిల్టర్లు దులిపినా. ఏసింది ఏమీ లేదు.”

“మరి ఇన్ని బండలు యాడివి?”

“నీ బండి రేకు కింద పరిచినవే, తీసేసినా.”