వాదం, వాది

మొదటి రాయి ఫణిభూషణ్ చెవి పక్కనుంచి దూసుకుపోయింది.

మేడ్చల్ దాటాక ఓ చిన్న ఊరు. వారం కిందట అక్కడ జ్వరంతో ఒక పిల్ల చనిపోయింది. వీరవ్వ అనే ముసలామె బాణామతి చేసి చంపిందని ఊరంతా మండిపడుతోంది. నచ్చజెప్పమని అధికారులు కొంపల్లి నుంచి లెక్చరర్ ఫణిభూషణ్‌ను పిలిపించారు.

"హేతువాదం వేరు, హేతువాది వేరు," అని మైకులో మొదలుపెట్టాడాయన. "మొదటిది సిద్ధాంతం. రెండోవాడు దాని ప్రకారం బతికేవాడు..."

అంతలోనే రాయి. వెంటనే ఇంకొకటి.

పరుగెత్తి, తెరిచి ఉన్న ఓ గుమ్మంలో దూరాడు.

లోపలున్న ఒకామె గబుక్కున గడియపెట్టి, తలుపుకు వీపు ఆనించి కూర్చుంది. మూలన ఒక ముసలమ్మ ముడుచుకుని ఉంది.

తాను దూరింది వీరవ్వ ఇంట్లోనేనని అప్పుడర్థమైంది.

ఒకటే గది. రేకుల కప్పు. కిటికీ లేదు, వెనక తలుపు లేదు. ఫోను మైకు దగ్గరే ఉండిపోయింది.

"వీరవ్వను బయటికి తోలుండ్రి! లేకుంటే ఇంటికి అగ్గిపెడ్తం!" బయటినుంచి కేకలు.

"పెట్టుండ్రి. నేను గూడ లోపట్నే ఉన్న," అంది తలుపు దగ్గరి మనిషి.

బయట గొణుగుడు. ఎవరూ గుమ్మం దాకా రాలేదు.

ఆమె జబ్బకు తాయెత్తు, మెడలో నల్లదారం. ఇలాంటివాళ్లతోనే ఊళ్లు ఇలా తయారయ్యాయి అనుకున్నాడు ఫణిభూషణ్.

"నీకు బాణామతి అంటే నమ్మకం లేదా?"

"ఎందుకు లేదు సారూ? మస్తు భయం గూడ."

"మరి ఈమె దగ్గరెందుకు కూర్చున్నావు?"

"అవ్వ గసొంటిది కాదు. పిల్లను దవఖానకు ఎత్తుకపోయిందే గీ అవ్వ. నా కండ్లతోని సూసిన."

రేకుల మీద రాళ్ల వాన మొదలైంది.

"గా హేతువాది గూడ లోపట్నే ఉన్నడు! గుంజుకరాండ్రి!"

ఫణిభూషణ్ తలుపు దగ్గరికి ఉరికాడు. తలుపు సందుకు మొహం ఆనించి అరిచాడు.

"నేను హేతువాదిని కాదయ్యా! హేతువాదం గురించి చెప్పమంటే వచ్చానంతే! ఆ ముసలామె సంగతి మీ ఇష్టం, నన్ను పోనివ్వండి!"

గడియ మీద చెయ్యి వేశాడు. ఆమె ఆ చేతిని మెల్లగా తీసేసింది.

"కూసో సారూ. నేనుండంగ ఎవ్వలు రారు."

చెమటలో తడుస్తూ కూర్చున్నాడు. మూలకు చూడటానికి మొహం చెల్లలేదు.

పొద్దు వాలుతుండగా పోలీసులు వచ్చారు. ఆమె వీరవ్వ భుజం పట్టి నడిపించుకొచ్చి జీపెక్కించింది. ఆ పక్కనుంచే ఫణిభూషణ్ ఎక్కి కూర్చున్నాడు.

జీపు మేడ్చల్ రోడ్డెక్కాక గానీ ఆయనకు ఊపిరి ఆడలేదు.

"ఒక్కతి అడ్డం కూర్చుంటే అంతమందీ ఆగిపోయారే! ఎవరామె? సర్పంచ్ మనిషా?" అని కానిస్టేబుల్‌ను అడిగాడు.

కానిస్టేబుల్ కంటే ముందు వీరవ్వ పలికింది.

"సచ్చిపోయిన పిల్లకు కన్నతల్లి, కొడుకా."