కనక తావు

సాలూరులో నాటకాల పాక చూసుకుని, మా కంపెనీకి మరో చోటు వెతుకుతూ అరకు కొండెక్కాను. చీకటి పడ్డాక ఒక గూడెంలో నెగడు చుట్టూ ఆడవాళ్లు ఒకరి నడుం ఒకరు పట్టుకుని థింసా ఆడుతున్నారు. వరస మధ్యలో మనిషి పట్టేంత ఖాళీ ఉంది. ఇరుపక్కలవాళ్లు ఆ ఖాళీలోనూ ఎవరిదో నడుం పట్టుకున్నట్టే చేతులు వంచి ఆడుతున్నారు.

"ఆ తావు మా కనకది బాబూ. జొరంతో పోనాది. ఏడాది దాకా కాళీగా ఒగ్గీసి ఆడతాం" అన్నాడు డోలు వాయిస్తున్న గాసి.

నేను నవ్వి, స్టేజీకి జాగా కొలుస్తూ ఆ ఖాళీలోంచే అవతలికి నడిచాను.

డోలు ఆగిపోయింది. ఆడవాళ్లు చేతులు వదిలేసి వెనక్కి జరిగారు.

"ఏటి సేసినావు బాబూ!" గాసి నా కాళ్లకేసి చూస్తున్నాడు.

నేనూ చూశాను. ఎన్నడూ నేర్వని ఆ ఆట నా కాళ్లు ఆడుతూనే ఉన్నాయి, ఒక్క అడుగూ తప్పకుండా.