రెండో కుర్చీ

"ఈ రెండో కుర్చీ ఎవరికి?" అని అడిగాడు కెమెరామన్.

"జనరల్ గారు వేయించమన్నారు" అంది ప్రొడ్యూసరమ్మ. ఆ టీవీ స్టూడియోలో అందరూ ఆమెను పిలిచేది అలాగే. "మా మనిషి ఒకాయన వస్తారు, నా పక్కనే కుర్చీ వేయండి అన్నారు ఫోన్‌లో."

"మా మనిషంటే?"

"అసిస్టెంటో, మందులిచ్చేవాడో అయ్యుంటాడు."

"మరి ఫ్రేములో ఆయనకేం పని?"

"నేనూ అదే అనుకుంటున్నా. తీసెయ్."

కుర్చీ తలుపు బయటికి పోయింది.

ఆ రోజు ప్రత్యక్ష ప్రసారం. విషయం ఊరందరి నోళ్ళలో నానుతున్నదే. రిటైరైన జనరల్ గారు ఏదో సభలో "యుద్ధం చేస్తుంటే నాకు సరదాగా ఉండేది" అన్నారు. అంత హోదా వెలగబెట్టినాయన అలాంటి మాట పైకి అనొచ్చా అని కొందరు, ఉన్నమాటేగా అన్నారని కొందరు జుట్టూ జుట్టూ పట్టుకుంటున్నారు.

ప్రొడ్యూసరమ్మకు ఇది ఇంటి గొడవ కూడా. ఆమె తమ్ముడు సైన్యానికి ఎంపికయ్యాడు. చేరతానని సంతకం పెట్టడానికి ఆ సాయంత్రమే గడువు. అమ్మానాన్నలు పోయాక వాణ్ణి చంకనేసుకుని పెంచింది ఆమే. పంపడానికి ఆమెకు మనసొప్పడం లేదు. వద్దంటే వాడు వినడం లేదు. యుద్ధాన్ని కళ్ళారా చూసినాయన అందులోని కష్టం గురించి నాలుగు మాటలు చెబితే ఆగుతాడేమోనని ఆమె ఆశ.

"ఆయన చెప్పేది విని తేల్చుకుంటానక్కా" అన్నాడు వాడు ఫోన్‌లో. "అంత పెద్దమనిషి అబద్ధం చెప్పడుగా."

"సరేరా. పూర్తిగా విను. మధ్యలో చానల్ మార్చావంటే చూడు!"

ఫోన్ పెట్టేసి తలెత్తితే ఎదురుగా ఒక పెద్దాయన. ఇస్త్రీ చొక్కా, మెడ దాకా పెట్టుకున్న గుండీలు. బయటికి వచ్చిపడిన ఆ కుర్చీలోనే, పక్కన ఇంకెవరికో చోటు వదిలినట్టు ఒక అంచున కూర్చుని ఉన్నాడు.

"జనరల్ గారి మనిషి మీరేనా?"

"అవునమ్మా."

"మీకు లోపల పనేం లేదు. ఇక్కడే ఉండండి, టీ పంపిస్తా."

"నన్నూ మాట్లాడమన్నారమ్మా."

"టైం లేదండీ. ప్రకటనలు పోను మాకు మిగిలేదే కాస్త."

ఆయన వాదించలేదు. ఆమె చేతిలోని ఫోన్ వైపు చూశాడు.

"ఫోన్‌లో మీ తమ్ముడా?"

"అవును."

"సైన్యంలో చేరతానంటున్నాడా?"

ఆమె చేతిలోని కాగితాలు సర్దుకోసాగింది.

"నేనోసారి మాట్లాడనా అతనితో? ఎక్కువసేపు పట్టదు."

ఆమెకు చిర్రెత్తుకొచ్చింది. ఎవరో ఏమో, వచ్చీ రాగానే ఇంటి విషయాల్లో వేలు పెట్టడమేమిటి?

"మా గొడవ మీకెందుకండీ? టీ తాగండి."

"తప్పుగా అనుకోకమ్మా" అన్నాడాయన, ఇంకాస్త అంచుకు జరుగుతూ.

జనరల్ గారు ఆలస్యంగా వచ్చారు. అవతలి తలుపు నుంచి నేరుగా స్టూడియోలోకి తీసుకొచ్చి కూర్చోబెట్టారు. కూర్చుంటూనే ఆయన పక్కకు చూశారు.

"మా మనిషి ఏరీ?"

"బయట కూర్చోబెట్టాం సార్. టీ కూడా ఇచ్చాం."

"లోపలికి పిలుస్తారుగా?"

"చూస్తాం సార్" అంది ప్రొడ్యూసరమ్మ. కుదరదు అనడానికి ఆ స్టూడియోలో అందరూ వాడే మాట అది.

ప్రసారం మొదలైనట్టు ఎర్ర దీపం వెలిగింది.

"నిజంగా సరదాగా ఉండేదా సార్?" అడిగాడు యాంకర్.

"ఉండేది. ఆకలీ నిద్రా గుర్తొచ్చేవి కావు. అంత హుషారు నాకు మళ్ళీ ఎక్కడా దొరకలేదు."

"మీలాంటి పెద్దలు అది పైకి చెప్పొచ్చా?"

"చెప్పాలి. నా పైవాళ్ళు నాకు చెప్పలేదు. అందుకే ఆ సరదా నన్ను పట్టుకున్నప్పుడు, దాన్ని ఎలా వదిలించుకోవాలో నాకు తెలీలేదు. ఇది నా వంతు మాట. మిగతాది చెప్పాల్సినవారు..."

ఆయన తలుపు వైపు చూశారు.

"ఆ హుషారు గురించి ఇంకొంచెం చెప్పండి సార్!" యాంకర్ కుర్చీలో ముందుకు జరిగాడు.

జనరల్ గారు చెప్పారు. బాగా చెప్పారు. కెమెరామన్ నోరెళ్ళబెట్టి విన్నాడు. అయిపోయాక ఆయన మళ్ళీ తలుపు వైపు చూసి "మిగతాది..." అంటుండగానే యాంకర్ ప్రేక్షకులకు సెలవు చెప్పేశాడు.

దీపం ఆరిందో లేదో, ప్రొడ్యూసరమ్మ ఫోన్ మోగింది.

"అక్కా! అదరగొట్టాడక్కా ఆయన! సంతకం పెట్టేశా."

"ఒరే, కాస్త ఆగరా..."

"ఇంకేం ఆగేది? ఫోన్‌లోనే పంపేశా కూడా."

ఆమె గోడకు ఆనుకుని నిలబడిపోయింది. ఏడుద్దామన్నా చుట్టూ మనుషులు.

జనరల్ గారు బయటికొచ్చారు. కుర్చీ ఖాళీగా ఉంది. దాని పక్కన టీ ముట్టుకోకుండా అలాగే ఉంది, పైన మీగడ కట్టి.

"మా మనిషి ఏరీ?"

"కార్యక్రమం అవగానే వెళ్ళిపోయారట సార్" అంది ఆమె కళ్ళు తుడుచుకుంటూ. "మీ దగ్గర పనిచేసే ఆయనే కదా, ఒక్క ఫోన్ కొడితే వచ్చేస్తారుగా..."

"పనిచేసే ఆయనా?"

జనరల్ గారు ఆ కుర్చీ వీపు మీద చెయ్యి వేశారు.

"ఒకసారి వెనక్కి వచ్చేయమని మాకు కబురొచ్చిందమ్మా. అందరం వచ్చేయొచ్చు. నాకు సరదాగా ఉందని ఇంకాసేపు ఉందామన్నాను" అన్నారు నెమ్మదిగా. "ఆ కాసేపట్లో పోయిన కుర్రాడి నాన్న ఆయన."