ఈసారి సారె

అరిసెలు వత్తుతున్న పూజిత ఒక్కసారిగా అరిచింది.

"ఏవండీ! వట్టి చేతులతో వస్తామని చెప్పాక కూడా మీ అక్కగారికి సారె కావాల్సొచ్చిందా?"

"అరిసెలు మాడుతున్నాయి, నువ్వు మండకు," అన్నాడు వంశీకృష్ణ, వెదురు గంపకి పసుపు రాస్తూ.

"అసలు మీరేం పెట్టారో మళ్ళీ చదవండి."

మళ్ళీ అంటే పదకొండోసారి. అతను పసుపు వేలితోనే ఫోను తీశాడు. "అక్కా, పత్తి డబ్బులు ఇంకా చేతికి రాలేదు. ఈసారికి వట్టి చేతులతో వస్తాం. ఏమనుకోకు."

"దానికి మహాతల్లి జవాబు?"

"ఒకటే మాట. సారె."

"చూశారా! ముందొక 'తమ్ముడూ' లేదు, వెనకొక 'నాయనా' లేదు. బ్యాంకువాళ్ళు నయం, నోటీసులో కూడా గారూ అంటారు!"

"ఊరుకోవే. రెండేళ్ళ తర్వాత గడపలోకి పిలిచింది."

అసలు బాధ అదే. రెండేళ్ళ కిందట అక్క గీతాంజలి తన కూతురికి ఓణీల ఫంక్షన్ చేస్తే, మేనమామగారు తిరువూరు బస్టాండులో టీ కోసం బస్సు వదిలేసి, భోజనాలయ్యాక దిగాడు. ఓణీ వేసే వేళకి పుట్టింటి నుంచి ఓ ప్రాణీ రాలేదని ఆవిడ అలిగింది. అప్పట్నుంచీ ఫోనెత్తదు. ఏదైనా మెసేజే. రేపు రెడ్డిగూడెంలో ఆవిడ కొత్తింటి గృహప్రవేశం. అమ్మా నాన్నా పోయాక ఆవిడకి పుట్టిల్లంటే వంశీకృష్ణే. రేపు కూడా తేడా వస్తే ఆ పుట్టిల్లు కూడా లేదనుకుంటుందని అతని భయం.

చేతిలో ఉన్నది ఏడొందలు. అందులో పెట్రోలు పోగా మిగిలిన దాంట్లో సారె.

"సారెకి కావాల్సింది సారం. ఖరీదు కాదు," అన్నాడతను.

"ఆ సారం పొద్దుట్నుంచీ నా ఒంట్లోంచే కారుతోంది," అంది పూజిత చెమట తుడుచుకుంటూ. "గంప ఇంత పెద్దదెందుకు తెచ్చారు? ఎంత వేసినా అడుగునే ఉంటోంది!"

"గంపలగూడెంలో కొన్నా. ఊరి పేరు నిలబెట్టొద్దూ?"

ఖర్చు సున్నాకి దగ్గరగా ఉండాలని సున్నుండలు చేశారు. కజ్జా తీరాలని కజ్జికాయలు. అమ్మ కొలతలతో పెట్టిన మాగాయ ఒక సీసా. పెరట్లో అమ్మ నాటిన సన్నజాజి నుంచి కట్టిన అంటు, పాత పెయింటు డబ్బాలో. అయినా గంపలో ఓ మూల ఖాళీ.

అలమారలో వెతుకుతున్న పూజిత ఒక సీసా పైకెత్తింది. "ఈ మోకాళ్ళ నూనె ఎవరిది?"

"అక్క కోసమే కొన్నా. అప్పట్లో కాళ్ళు నొప్పని మెసేజ్ పెట్టిందిగా."

"నొప్పి కళ్ళకండీ బాబూ! ఆవిడ ఇంగ్లీషు టైపింగు అలాంటిది, మీ తెలుగు చదువు ఇలాంటిది!"

"మూత కూడా తియ్యలేదు. పడెయ్ గంపలో, కళ్ళకి నిండుగా ఉంటుంది."

చివరికి అతను లోపలికెళ్ళి అమ్మ పాత నేతచీర తెచ్చి గంప మీద కప్పాడు. పూజిత నోట్లో తిట్టు నోట్లోనే ఆగింది.

"ఇది మీరు దాచుకున్నది కదండీ."

"అక్క కూడా ఈ కొంగు పట్టుకునే నడక నేర్చింది," అన్నాడు, ముడి వేస్తూ.

తెల్లారి బండి మీద బయల్దేరారు. పూజిత ఒళ్ళో గంప, చెవిలో సన్నజాజి కొమ్మ, నోట్లో వదినగారి నామస్మరణ. ప్రతి గతుకుకీ గొంతు ఒక మెట్టు పైకి లేచింది. "డబ్బుల్లేవంటే సారె అంటుందా! మనిషా, మరమనిషా!"

పంతులుగారికంటే ముందే దిగారు. గీతాంజలి గేటు దగ్గరికి ఎదురొచ్చింది. గంప మీది చీర చూసి ఆగిపోయింది. ముడి విప్పి ఆ కొంగు ముఖానికి ఆనించుకుంది.

"ఇవన్నీ ఎందుకురా? వట్టి చేతులతో వస్తానన్నావుగా," అంది, కళ్ళు తుడుచుకుంటూ.

పూజిత ఇక ఆగలేకపోయింది. "మీరే కదా వదినా, సారె అన్నారు!"

"నేనా? నేనెప్పుడన్నాను?"

వంశీకృష్ణ ఫోను తీసి ఆవిడ ముందు పెట్టాడు. గీతాంజలి కళ్ళజోడు సర్దుకుని ఆ నాలుగు ఇంగ్లీషు అక్షరాలూ చదివింది. తమ్ముణ్ణి చూసింది, మరదల్ని చూసింది, గంపని చూసింది. నెత్తి కొట్టుకుంది.

"అది సారె కాదురా సన్నాసీ, సరే!"